తాళంకప్ప వచ్చే వేళ

పెద్దమ్మకి నమస్కారం.

నువ్వు బాగున్నావనే అనుకుంటున్నాను. నా సంగతి మాత్రం అడక్కు. అలిసిపోయాను.

ఇవాళ కాలేజీకి వెళ్ళి ల్యాబు తలుపు తోస్తే సగమే తెరుచుకుంది. వెనకాల విరిగిన కుర్చీలు. పోయిన వారం మూల నాలుగే ఉండేవి. అడిగితే అటెండరు, "ప్రిన్సిపాల్ గారు ప్రస్తుతానికి ఇక్కడ పెట్టమన్నారండీ" అన్నాడు. ఆ "ప్రస్తుతానికి" అన్న మాటకి అర్థం నాకు తెలుసు. ఈ ఏడాది మా కంప్యూటర్ విభాగంలో సగం సీట్లయినా నిండకపోతే మూసేసి, ఆ గదిని స్టోరు రూము చేస్తారట. నన్ను పరీక్షల ఆఫీసుకి పంపిస్తారట, హాల్ టికెట్లకి ఫొటోలు అంటించడానికి. ప్రిన్సిపాల్ గారు ఇంకా ఏమీ తేల్చలేదు. కుర్చీలు మాత్రం తేల్చేసుకున్నాయి.

నేనేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ప్రొజెక్టర్ ఒళ్ళో పెట్టుకుని బస్సుల్లో పడి బడిబడికీ తిరుగుతున్నాను. "అమ్మాయిలూ, కంప్యూటర్ చదవండి, మీ కాళ్ళ మీద మీరు నిలబడండి" అని గొంతు పోయేలా చెప్తున్నాను. మొన్న ఒక బడిలో అంతా చెప్పి, సందేహాలుంటే అడగండమ్మా అన్నాను. ఒకే ఒక్క చెయ్యి లేచింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "బెల్లు కొట్టేశారా మేడం?" అని అడిగింది. ఇంకోచోట ఒక తల్లి నన్ను పక్కకి పిలిచి, "అస్తమానం కూర్చుంటే పిల్లకి నడుం పట్టేస్తుందండీ" అంది. ఆ పిల్లని బట్టల కొట్లో పనికి పెడుతున్నారు. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండాలి.

నా ఉపన్యాసంలో పిల్లలు నిద్ర లేచే చోటు ఒక్కటే ఉంది, అది నీ కథ. కోపం తెచ్చుకోకు, నువ్వని చెప్పను, "ఒక పెద్దావిడ" అంటాను. చిన్నప్పుడు సెలవులకి నీ ఇంటికి వచ్చినప్పుడు నాకో కంప్యూటర్ పుస్తకం దొరికితే, అందరి ముందూ లాక్కుని, "ఇది నీ బుర్రకెక్కేది కాదు, పోయి బట్టలు మడతపెట్టుకో" అని బీరువా మీద పడేశావే, అదీ. అదృష్టం బాగుండి బీరువా పక్కనే స్టూలుంది కాబట్టి సరిపోయింది. మధ్యాహ్నం నువ్వు కునుకు తీస్తుంటే ఎక్కి తీసుకుని చదివాను. లేకపోతే నా బతుకు ఏమయ్యేదో. ఆ మాట నేనింకా మర్చిపోలేదు సుమా.

సరే, అవసరం నాది. నీ హాస్టల్లో ఈ ఏడాది బడి చదువు ముగించబోయే ఆడపిల్లలు గదుల నిండా ఉన్నారు. ఎవరో దాతలిచ్చిన పాత కంప్యూటర్లు కూడా ఉన్నాయని విన్నాను. నువ్వు వార్డెన్‌వి, నీ మాటకి విలువుంటుంది. కంప్యూటర్ చదువు మంచిదని వాళ్ళకి నాలుగు మాటలు చెప్పు పెద్దమ్మా. అంతకన్నా ఏమీ అడగను.

నీ చెల్లెలి కూతురు,
మొండి

తా.క. ఇదంతా ఫోన్లోనే చెప్దును. మొన్న చేస్తే నువ్వు "హలో" అనేలోగా వెనకాల ఒక పిల్ల "ఎవరే అది?" అనడం, ఇంకో పిల్ల "ఎవరైతేనేం, ఏడిపించి పెట్టేస్తుంది చూడు" అనడం వినబడ్డాయి. ఉత్తరమే నయం.

* * *

మొండికి పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ నా మోకాళ్ళూ, హాస్టల్ కుళాయిలూ ఎప్పట్లాగే మొరాయిస్తున్నాయి. ఇంకొన్నాళ్ళలో రిటైరవుతాను కాబట్టి రెండింటినీ ఎవరూ పట్టించుకోవడం లేదు.

నువ్వడిగిన పని చేశాను. చెయ్యకుండా ఉండాల్సింది. పొద్దున టిఫిన్ల దగ్గర లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "పిల్లలూ, కంప్యూటర్ చదువు చాలా మంచిది" అన్నాను. చెంచాల చప్పుడు ఆగిపోయింది. నా కర్మ ఏమిటంటే, ఈ హాస్టల్లో నేను చాలా మంచిదని చెప్పినవి ఇప్పటిదాకా చన్నీళ్ళ స్నానం, ఉప్పునీళ్ళు పుక్కిలించడం, వంటావిడ చేసే ఆకుకూర సూపు. ఆ వరసలో ఇది చేరింది. పైగా నువ్వు బతిమాలావు కదా అని చివర్లో కాస్త నవ్వాను కూడా. నేను నవ్వడం ఆ పిల్లలు ఎప్పుడూ చూడలేదు. ఒకతి భయపడి పక్కదాని చెయ్యి పట్టుకుంది.

ఇంతకుముందు ఇద్దరు పిల్లలు సాయంత్రాలు తమంతట తామే ఆ పాత కంప్యూటర్లున్న గదిలోకి వెళ్ళి ఏదో టకటకలాడించేవాళ్ళు. వాళ్ళూ మానేశారు. "తాళంకప్ప మెచ్చుకుందంటే ఇందులో ఏదో మతలబుందే" అని మెట్ల కింద అనుకుంటుంటే నా చెవిన పడింది. తాళంకప్ప అంటే నేనే. ఆ పేరు నాకు తెలీదని వాళ్ళ నమ్మకం. నిన్న ఒక తండ్రి పనిగట్టుకుని వచ్చి, "ఆ కాలేజీవాళ్ళు మీకేమైనా ముట్టజెప్తున్నారా అమ్మా?" అని మర్యాదగా అడిగి, టీ తాగి వెళ్ళాడు.

నాకు వద్దనడం వచ్చు. అవుననడం చేతకాదు. ఉద్యోగమంతా వద్దు, కూడదు, వీల్లేదు అంటూనే గడిచిపోయింది. ఇప్పుడు కొత్త మాట నేర్చుకోమంటే నోరు తిరగడం లేదే.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. అంత అలిసిపోయి ఆ ఉద్యోగం చెయ్యడం దేనికి? మానెయ్. పిల్లల్ని పోగెయ్యడం నీ వల్ల అయ్యే పని కాదు. ఫొటోలు అంటించడం తేలిక. మంచి జిగురు ఇక్కడ దొరుకుతుంది, పంపిస్తాను.

* * *

పెద్దమ్మకి,

ఈసారి నమస్కారం కూడా నీరసంగానే పెడుతున్నాను.

కొత్తవాళ్ళని చేర్చమంటే ఉన్న ఇద్దరినీ పోగొట్టావు! నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చివరికి రెండూ చెయ్యకుండా పోయి కుర్చీలు సర్దుకున్నాను. ఇప్పుడు అవి బోర్డు సగం దాకా వచ్చాయి. పాఠం చెప్పాలంటే పై సగంలోనే రాయాలి.

తప్పు నాదేలే. నీకు చేతకాని పని అడిగాను. పోనీ, నీకు చేతనైనదే చెయ్యి. ఆ గదికి పెద్ద తాళం వెయ్యి. కంప్యూటర్ ముట్టుకుంటే తాట తీస్తానని బోర్డు పెట్టు. మీ బుర్రలకి ఎక్కదు, పోయి బట్టలు మడతపెట్టుకోండి అని చెప్పు, నాకు చెప్పావుగా, నోరు బాగానే తిరిగింది. నీకూ హాయిగా ఉంటుంది, నాకూ ఆశ వదిలిపోతుంది.

ఇట్లు,
మొండి

తా.క. నిజం చెప్పొద్దూ, రాజీనామా రాసి సొరుగులో పెట్టుకున్నాను. నిన్న నీ తా.క. చదివాక తీసి చింపేశాను. నువ్వు చెప్పావని మానేశానంటే నా పరువేం కావాలి? జిగురు నువ్వే ఉంచుకో.

* * *

మొండికి పెద్దమ్మ దీవెనలు.

నీ సలహా భేషుగ్గా ఉంది. అంతా నువ్వు చెప్పినట్టే చేశాను.

పాత ఇనప గేటుకి ఉండే తాళం వెతికి తీయించాను. నా అరచేతి కంటే పెద్దది. దాన్ని ఆ గది తలుపుకి వేయించాను. వాచ్‌మన్ చేత ఎర్ర రంగుతో బోర్డు రాయించాను. "ఈ గదిలోకి రాకూడదు. కంప్యూటర్ ముట్టుకోకూడదు. కిటికీలోంచి తొంగి చూడకూడదు." చివరిది నువ్వు చెప్పలేదు, నేనే కలిపాను. కిటికీ ఉందని పిల్లలకి తట్టాలి కదా, అంటే, తట్టి చూస్తారేమోనని.

రాత్రి భోజనాల ముందు అందరినీ నిలబెట్టి, "ఇది మీ బుర్రలకెక్కేది కాదు, పోయి బట్టలు మడతపెట్టుకోండి" అన్నాను. నువ్వన్నట్టు నోరు శుభ్రంగా తిరిగింది. రెండు జడల పిల్ల ఒకతి ఉంది, చాలా పెంకిది. దాని ముక్కుపుటాలు అదిరాయి. "ఎందుకెక్కదండీ?" అంది. ఎదురు చెప్పినందుకు దాన్ని మర్నాడు కారిడార్లు తుడవమన్నాను, ఆ గది ముందు కారిడారుతో సహా. ఒక సన్నపాటి పిల్ల మాత్రం "సరేనండీ" అని నిజంగానే వెళ్ళి బట్టలు మడతపెట్టుకుంది.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. చింపిన రాజీనామా మళ్ళీ రాసుకో. కాగితాలు అయిపోతే చెప్పు. నీలాంటి నీరసప్పిల్ల ఆ ఉద్యోగంలో ఇంకెన్నాళ్ళు నెట్టుకొస్తుంది?

* * *

పెద్దమ్మా!

అది వెటకారం! వెటకారమే అది! నీకు మతి గానీ పోయిందా?

నేను ఊరూరా తిరిగి, ఆడపిల్లలకి అడ్డుపడే పెద్దవాళ్ళ గురించి స్లైడ్లు వేసి చూపిస్తున్నాను. మా సొంత పెద్దమ్మ ఎర్ర రంగుతో బోర్డు రాయించింది! ఎవరికైనా తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? వెంటనే ఆ తాళం తియ్యి. బోర్డు పీకి పొయ్యిలో పెట్టు. ఆ రెండు జడల పిల్లకి క్షమాపణ చెప్పు. చెప్పలేకపోతే కనీసం కారిడారు తుడవద్దని చెప్పు.

ప్రిన్సిపాల్ గారు నిన్న ల్యాబుకి వచ్చి చూసి, "ఇంకా ఓ వరస పడుతుందే" అన్నారు. అమ్మాయిల వరస కాదు. కుర్చీల వరస.

మొండి

తా.క. నీరసప్పిల్ల అన్నావు కదా, ఇవాళ అదనంగా ఇంకో బడికి వెళ్ళొచ్చాను. నీ మీద కోపంతోనే వెళ్ళాను.

* * *

మొండికి పెద్దమ్మ దీవెనలు.

తాళం తియ్యను. వార్డెన్ ఒకసారి వద్దన్నాక మళ్ళీ సరే అంటే హాస్టల్ నడవదు. రేపు గోడ దూకడం కూడా సరే అనమంటారు.

ఇక్కడ విశేషాలేం లేవు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆ గది ఎదురుగా కారిడార్లో నా కుర్చీ వేయించుకుంటున్నాను, గాలి బాగా వస్తుందని. కాసేపు కళ్ళు మూతలు పడతాయి. తాళంచెవి పక్కనే మేకుకి తగిలిస్తాను. పడుకునేటప్పుడు మేకుకే ఉంటుంది, లేచేటప్పుడూ మేకుకే ఉంటుంది. మధ్యలో ఏం జరుగుతుందో నాకేం తెలుసు? ఒక్కటే విడ్డూరం, లేచి ముట్టుకుంటే వెచ్చగా ఉంటోంది. ఎండ కాబోలు.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. కోపంతో ఎన్ని బళ్ళు తిరుగుతావు? కాళ్ళు నొప్పెడతాయి. ఇంట్లో పడుకో.

* * *

గౌరవనీయులైన హాస్టల్ వార్డెన్ గారికి,

మా కాలేజీనీ, మీ హాస్టల్‌నీ నడిపే యాజమాన్యం తరఫున విచారణాధికారి రాస్తున్న ఉత్తరం.

మీరు కంప్యూటర్ గదికి తాళం వేసి, విద్యార్థినుల చదువుకి అడ్డుపడుతున్నారని, వారి తెలివితేటలను కించపరిచారని హాస్టల్ విద్యార్థినులు యాజమాన్యానికి ఫిర్యాదు పంపారు. దాదాపు అందరూ సంతకాలు చేశారు. తాళం తియ్యకపోతే మీ పదవీ విరమణ సభకి ఎవరూ రామని కూడా రాశారు. గదికి తాళం ఎందుకు వేశారో, తాళంచెవిని, మీరే రాసినట్టు, పిల్లలకు అందే చోట ఎందుకు ఉంచారో, మీ మాటలకు ఆధారమేమిటో రాతపూర్వకంగా తెలియజేయాలి. త్వరలో నేను స్వయంగా వచ్చి విచారిస్తాను.

భవదీయురాలు,
విభాగాధిపతి, కంప్యూటర్ విభాగం

తా.క. పైన ఆఫీసు ఉత్తరం కాబట్టి మీరు అన్నాను. కింద మాత్రం నువ్వే. ఎంత పని చేశావు పెద్దమ్మా! ఆడపిల్లల్ని కంప్యూటర్ చదువుకి ప్రోత్సహించే బాధ్యత నాదే కాబట్టి విచారణ కూడా నన్నే చెయ్యమన్నారు. ఆవిడ మా పెద్దమ్మండీ, వేరేవాళ్ళని పంపండి అన్నాను. "అయితే ఇంకా మంచిదమ్మా, అక్కడ ఉండడానికి గది అద్దెకి తీసుకునే పని ఉండదు" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఇన్నేళ్ళ నీ ఉద్యోగానికి ఇదా ముగింపు? నా చేత్తో రాయాలా ఇది?

* * *

విచారణాధికారి గారికి,

హాస్టల్ వార్డెన్ సవినయంగా సమర్పించుకుంటున్న జవాబు.

తాళం ఎందుకు వేశానని అడిగారు. వార్డెన్ అన్నాక ఏదో ఒకదానికి తాళం వెయ్యాలి. తాళంచెవి అందే చోట ఎందుకు పెట్టానని అడిగారు. నాకు మతిమరుపు, కళ్ళ ముందు లేకపోతే వెతుక్కోలేను. తలుపు కొక్కెం కూడా వదులైందని, గట్టిగా లాగితే తాళంతో సహా ఊడొస్తుందని మీ దృష్టికి వస్తే, అది నా దృష్టికి ఎప్పుడో వచ్చింది. వడ్రంగికి కబురు చేశాను. తొందరేం లేదని కూడా చెప్పాను.

పిల్లల బుర్రల గురించి నేనన్న మాటకి ఆధారం లేదు. తప్పని వాళ్ళు రుజువు చేస్తే ఒప్పుకుంటాను. ఆ సంగతి వాళ్ళకి ఇప్పుడే చెప్పనవసరం లేదు.

విధేయురాలు,
వార్డెన్

తా.క. విచారణకి వచ్చేటప్పుడు స్వెటర్ తెచ్చుకో, ఇక్కడ పొద్దున్నే చలిగా ఉంటోంది. నన్ను పిల్లల ముందు పెద్దమ్మా అని పిలిచావంటే ఊరుకోను. సాయంత్రం టీలు అయ్యాకే రా. ముందు రావద్దు.

* * *

పెద్దమ్మకి,

విచారణ ముగించుకుని తిరిగొచ్చాను. అక్కడ పిల్లల ముందు నీతో మాట్లాడే వీలు లేకపోయింది. ఉన్న నాలుగు మాటలూ "మీరు", "మేడం" అంటూ గడిపేశాం. అందుకే ఇది.

నువ్వు సాయంత్రం టీల తర్వాత రమ్మన్నావని ముందే వచ్చాను. నువ్వు వద్దంటే ముందే వస్తానని నీకు తెలుసని నాకిప్పుడు అర్థమవుతోంది. కారిడారు చివర నిలబడి అంతా చూశాను. నువ్వు కుర్చీలో వాలి గురక పెడుతున్నావు. మేకుకి తాళంచెవి లేదు. గదిలో పిల్లలు ఒక్కో కంప్యూటర్ చుట్టూ గుంపులు గుంపులుగా ఉన్నారు. కంప్యూటర్లకి పాత కర్టెన్లతో కుట్టిన ముసుగులు మడతపెట్టి కింద వేసుకుని, వాటి మీదే కూర్చున్నారు.

రెండు జడల పిల్ల నన్ను లోపలికి లాగి తలుపు వేసి, వాళ్ళు తయారు చేసింది చూపించింది. దానికి "తాళంకప్ప వచ్చే వేళ" అని పేరు పెట్టారు. నువ్వు ఏ రోజు ఏ వైపు నుంచి రౌండ్లకి వస్తావో రాసుకుని, దాన్నిబట్టి ఈ గదిలో పని చేసుకోవడానికి ఏ వేళ క్షేమమో చెప్పే ప్రోగ్రాం రాశారు పెద్దమ్మా! మీట నొక్కితే తెర మీద "ఇప్పుడు రాదు, కానివ్వండి" అని వస్తుంది. "ఇది మొదట్లో బాగా పనిచేసింది మేడం. తర్వాత ఆవిడ ఉన్నట్టుండి దారి మార్చేసింది. మళ్ళీ రాశాం. మళ్ళీ మార్చేసింది. ఎన్నిసార్లు సరిచేశామో! ఆవిడకి ఎవరు చెప్తున్నారో తెలీదు" అని ఆ పిల్ల చిరాకు పడింది. నా విద్యార్థినుల చేత ఒక్క ప్రోగ్రాం తిరగరాయించడానికి నాకు ఎంత గొంతు పోయేదో నీకు తెలీదు.

ఇంతలో దూరంగా నీ కర్ర చప్పుడు, ఆ వెనకే దగ్గు. పిల్లలు అన్నీ ఆపేసి, ముసుగులు కప్పి, ఒకతి బయట తాళం వేసి చెవి మేకుకి తగిలిస్తుంటే మిగతావాళ్ళు కిటికీలోంచి దూకి పోయారు. విచారణాధికారిని అని మర్చిపోయి నేనూ దూకాను. మోచెయ్యి గీరుకుంది. రెండు అడుగుల దూరంలో కుర్చీలో ఉన్నదానివి, చప్పుడు లేకుండా కారిడారు అటు చివరిదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి కర్ర తట్టుకుంటూ, దగ్గుకుంటూ వచ్చావు. ఇంకో సంగతి. నీకు గురక లేదు పెద్దమ్మా. ఎన్ని సెలవులు నీ పక్కన పడుకున్నాను, నాకు తెలీదా?

ఇక్కడి సంగతి విను. మొన్న మీ హాస్టల్ పిల్లలు గుంపుగా బస్సు దిగి వచ్చి, "అప్లికేషన్లు ఇవ్వండి మేడం, చేరి మా వార్డెన్‌కి చూపించాలి" అన్నారు. వాళ్ళ గొడవ విని చుట్టుపక్కల బళ్ళ పిల్లలు కూడా వచ్చారు. సీట్లు దాదాపు అన్నీ నిండిపోయాయి. కూర్చోబెట్టడానికి చాలక వడ్రంగిని పిలిపించి ఆ విరిగిన కుర్చీలే బాగు చేయిస్తున్నారు ప్రిన్సిపాల్ గారు. ఇవాళ బోర్డు కింద సగంలో కూడా రాశాను.

నా మనసు మాత్రం బాగులేదు. రిపోర్టులో జరిగింది జరిగినట్టు రాస్తాను. నీ సభకి పిల్లలందరూ రావాలి, నీకు దండ వెయ్యాలి. నిన్ను తిట్టుకుంటూ వాళ్ళు వెళ్ళిపోతే, ఖాళీ హాల్లో నువ్వొక్కదానివే కూర్చుంటే నేను చూడలేను.

నీ చెల్లెలి కూతురు,
మొండి

తా.క. ఒక్కటి అడగాలని ఉంది. వద్దులే. అడిగితే నువ్వు నిజం చెప్పవు.

* * *

మొండికి పెద్దమ్మ దీవెనలు, ఎప్పుడూ ఉండేవే.

జరిగింది జరిగినట్టు రాస్తావా? నీకు బుద్ధుందా? పిల్లలు సీట్లు తీసుకున్నారే గానీ క్లాసులు ఇంకా మొదలవలేదు. ఇదంతా తాళంకప్ప కోరుకున్నదేనని ఇప్పుడు తెలిసిందంటే, రేపు పొద్దున్నే అందరూ బట్టల కొట్టు ముందు వరస కడతారు. నన్ను మందలిస్తూ మెమో రాయి. గట్టిగా రాయి. "ఆడపిల్లల చదువుకి అడ్డుపడిన ఛాందసురాలు" అని రాయి. అది చదివి రెండు జడల పిల్ల కడుపు నిండా నవ్వుకోవాలి. నేను దాన్ని ఫ్రేం కట్టించుకుంటాను. ఇంతకన్నా మంచి సన్మాన పత్రం నాకెవరూ ఇవ్వలేరు. ఖాళీ హాలంటావా, వంటావిడా, వాచ్‌మనూ వస్తారు. టీ అందరికీ రెండేసి కప్పులు వస్తుంది.

బాధ లేదా అంటే, ఉంది. నేనూ అలిసిపోయానే. సెలవులకి వెళ్తూ పిల్లలు వంటావిడని కావలించుకుంటారు, నాకు గుమ్మం అవతల నుంచే దండం పెట్టి పోతారు. ఇన్నేళ్ళలో ఒక్కతీ నా దగ్గరికి వచ్చి వెళ్ళొస్తానని చెప్పలేదు. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత అనుకున్నాను, నన్ను చూసి ఎలాగూ పారిపోతారు, ఏ వైపు పారిపోతున్నారో చూసుకుంటే చాలు కదా అని. అప్పటినుంచీ ఆ పనే చేస్తున్నాను.

అయినా ఇది అందరి దగ్గరా పారే ఎత్తు కాదు. సన్నపాటి పిల్ల ఒకతి "సరేనండీ" అని బట్టలు మడతపెట్టుకుందని రాశాను, గుర్తుందా? మాట వినే పిల్ల అది. మధ్యాహ్నాలు అందరూ ఆ గదిలో ఉంటే అదొక్కతే మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలే మళ్ళీ మడతపెడుతోంది. దాని మొహం చూస్తే నాకు అన్నం సయించడం లేదు. నేను వెళ్ళి పిలవలేను, నా గుట్టు బయటపడుతుంది. పైగా నా నోట మంచి మాట వస్తే ఏమవుతుందో చూశాం. అలాంటి పిల్లలకి ప్రొజెక్టర్ మోసుకుంటూ, గొంతు పోగొట్టుకుంటూ తిరిగే మనిషే కావాలి. ఒక సీటు ఆపి ఉంచు. వచ్చి దాన్ని నువ్వే పిలు.

ఇక నువ్వు అడగనిదానికి జవాబు. ఆ స్టూలు వంటింట్లోది. వడ్రంగి ఎవడో జీవితాంతం ఉండాలని చేసినట్టున్నాడు, ఇద్దరు పట్టుకుంటే గానీ లేచేది కాదు. నువ్వప్పుడు పుల్లలా ఉండేదానివి. అది వంటింట్లోంచి బీరువా పక్కకి ఎలా వచ్చిందో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆలోచించావా? దాన్ని ఈడ్చినందుకు నా నడుం వారం రోజులు పట్టేసింది. పెద్ద కంప్యూటర్ మేడంవి, ఈ మాత్రం లెక్క తేల్చుకోలేకపోయావు. నువ్వు తీసి చదువుతున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాను. పేజీ తిప్పిన చప్పుడు వినబడ్డప్పుడల్లా హాయిగా ఉండేది.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. అన్నట్టు, రాజీనామా ఇంకా ఇవ్వలేదా? తొందరగా ఇచ్చెయ్. ఇప్పుడు గది నిండా పిల్లలు. అంతమందికి చెప్పడం నీ వల్ల ఎక్కడవుతుంది?